జూన్‌లో బీ-ఫారం మన చేతిలోనే ఉంటుంది

ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా ఎన్నికలు వస్తున్నాయంటే మొదటి రభస టికెట్ దగ్గరే. నామినేషన్లకు చివరి రోజు, మధ్యాహ్నం మూడు గంటల లోపు, పార్టీ ఇచ్చిన బీ-ఫారం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఆ పార్టీ అభ్యర్థి. పదేళ్ళు జెండా మోసినా ఆ కాగితం రాకపోతే ఇండిపెండెంటే. ఆ కాగితం ఎవరికి ఇవ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది. ఓటరుని ఎవరూ అడగరు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఆ బీ-ఫారం ఇచ్చేది ఓటరే. దాని పేరు ప్రైమరీ. శాసనసభ ఎన్నికలు జరిగే బేసి సంవత్సరాల్లో జూన్ నెల మూడో మంగళవారం పెడతారు. 2023లో జూన్ 20న, 2025లో జూన్ 17న జరిగింది. లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీల్లో, రాజధాని రిచ్‌మండ్ శివార్లలో స్థిరపడి సిటిజన్‌షిప్ తీసుకున్న తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. నవంబరులో ఓటేసి స్టిక్కర్ పెట్టుకుని ఫొటో దిగేవాళ్ళలో చాలామంది జూన్‌లో ఆ వైపే వెళ్ళరు. నా దృష్టిలో ఇది పెద్ద నష్టం. ఎందుకు నష్టమో, అభ్యర్థి గురించి ఒక అభిప్రాయానికి రావడానికి ఏం చూడాలో కాస్త వివరంగా రాస్తాను.

ముందు లెక్క. వర్జీనియా దిగువ సభలో, అంటే హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో 100 సీట్లు, రెండేళ్ళ పదవి. సెనేట్‌లో 40 సీట్లు, నాలుగేళ్ళ పదవి. 2020 జనగణన ప్రకారం ఒక్కో డెలిగేట్ నియోజకవర్గంలో దాదాపు 86,000 మంది, ఒక్కో సెనేట్ నియోజకవర్గంలో దాదాపు 2,16,000 మంది జనం. మన దగ్గర ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటర్లే రెండు లక్షలు దాటడం మామూలు కాబట్టి, ఇది ఎంత చిన్న నియోజకవర్గమో అర్థమవుతుంది. అందులో జూన్ ప్రైమరీకి వచ్చేది కొద్ది వేల మంది. 2021లో హెర్న్‌డన్ చుట్టుపక్కల 86వ నియోజకవర్గంలో డెమొక్రాటిక్ ప్రైమరీ జరిగింది. అప్పటికే డెలిగేట్‌గా ఉన్న ఇబ్రహీం సమీరాను ఐరీన్ షిన్ ఓడించారు. తేడా మూడు వందల ఓట్లు కూడా లేదు. రెండు మూడు అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల వాళ్ళు బయల్దేరి వెళ్తే ఫలితం అటూ ఇటూ అయ్యే తేడా అది.

ఒక్క ఓటుతో ఏమవుతుందనేవాళ్ళకు వర్జీనియాలోనే ఒక జవాబుంది. 2017 నవంబరులో న్యూపోర్ట్ న్యూస్ ప్రాంతంలోని 94వ నియోజకవర్గంలో రీకౌంట్, కోర్టు అన్నీ అయ్యాక డేవిడ్ యాన్సీకి, షెల్లీ సైమండ్స్‌కి సరిగ్గా 11,608 చొప్పున ఓట్లు తేలాయి. 2018 జనవరి 4న ఇద్దరి పేర్లూ చీటీల మీద రాసి, ఫిల్మ్ రీలు పెట్టే చిన్న డబ్బాల్లో పెట్టి, ఒక గిన్నెలో వేసి ఒకటి తీశారు. యాన్సీ పేరు వచ్చింది. ఆ ఒక్క సీటుతో సభ 51–49తో రిపబ్లికన్ల చేతిలోనే ఉండిపోయింది.

ఇక ప్రైమరీలో ఎవరికి వేయాలి అన్న దగ్గరికొద్దాం. వాట్సాప్ గ్రూపుల్లో, పండుగ కార్యక్రమాల్లో, పిల్లల క్రికెట్ మ్యాచుల దగ్గర వినిపించే మాటలు ప్రధానంగా రెండు. ఒకటి, "మనవాడు." రెండోది, "మంచోడే గానీ గెలవడు."

మనవాడు అని వేయడం తప్పని నేను అనను. మన పేరు సరిగ్గా పలికే మనిషి సభలో ఉండటానికి విలువుంది. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హాష్మి 2019లో రిచ్‌మండ్ దగ్గర సెనేట్‌కి గెలిచి, 2025 జూన్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమొక్రాటిక్ ప్రైమరీ గెలిచి, నవంబరులో ఆ పదవికీ ఎన్నికయ్యారు. హైదరాబాద్‌లోనే పుట్టిన అరుణా మిల్లర్ పక్క రాష్ట్రం మేరీల్యాండ్‌లో డెలిగేట్‌గా పనిచేసి, 2023లో అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. గర్వపడాల్సిన విషయాలే. కాకపోతే "మనవాడు" అన్న మాటతో మొదలుపెట్టినవాళ్ళు అక్కడే ఆగిపోతారు. బతుకమ్మ దగ్గరకొచ్చి ఫొటో దిగిన అభ్యర్థి ఏ కమిటీలో ఉన్నాడో, ఏ బిల్లుకి ఎటు చెయ్యెత్తాడో అడిగేవాళ్ళు కనిపించరు. ఫొటో దిగడానికి పది నిమిషాలు చాలు, కమిటీలో వేసిన ఓటు చట్టంగా ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

హాష్మి గెలిచిన ప్రైమరీలో ఇంకొక పాఠం ఉంది. ఆరుగురు పోటీ చేశారు. ఆవిడకు వచ్చింది 30 శాతం లోపు, రెండో స్థానంలో ఉన్న రిచ్‌మండ్ మాజీ మేయర్ లెవార్ స్టోనీకి ఆవిడకు తేడా ఒక శాతం లోపు. వర్జీనియా ప్రైమరీలో రెండో విడత పోలింగ్ ఉండదు. సగం ఓట్లు రావాలన్న నియమం లేదు, అందరికన్నా ఒక్కటి ఎక్కువ వస్తే చాలు. 2023లో రిచ్‌మండ్ శివార్లలో 12వ సెనేట్ నియోజకవర్గంలో రిపబ్లికన్ ప్రైమరీ కూడా అంతే. ముక్కోణపు పోటీలో గ్లెన్ స్టర్టెవంట్ సగం ఓట్లు రాకుండానే సిట్టింగ్ సెనేటర్ అమాండా చేజ్‌ను ఓడించారు. అందుకని ముగ్గురు నలుగురు బరిలో ఉన్నప్పుడు మన మొదటి ఇష్టం ఎవరో తేల్చుకుంటే సరిపోదు. అసలు పోటీ ఎవరిద్దరి మధ్య ఉందో కూడా చూసుకోవాలి. బ్యాలెట్ మీద పేర్ల వరుస చూసి ఏమీ అనుకోవద్దు. ప్రైమరీలో ఎవరు ముందు కాగితాలు దాఖలు చేస్తే వాళ్ళ పేరు పైన ఉంటుంది, ఒకేసారి ఇస్తే చీటీ తీస్తారు. పైన ఉన్న పేరు పార్టీ ఎంచుకున్న పేరు అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు రెండో మాట, "గెలవడు." ఈ మాట చాలా నియోజకవర్గాల్లో అసలు వర్తించదు. ఆ నియోజకవర్గంలో గత గవర్నర్, అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చూడండి. రాష్ట్ర ఎన్నికల శాఖ సైట్‌లోనూ, వర్జీనియా పబ్లిక్ యాక్సెస్ ప్రాజెక్ట్ అనే నిష్పక్షపాత సంస్థ సైట్‌లోనూ నియోజకవర్గం వారీగా దొరుకుతాయి. ఒక పార్టీ ఆధిక్యం 15 శాతం దాటి ఉంటే ఆ పార్టీ ప్రైమరీలో గెలిచినవాళ్ళే దాదాపుగా శాసనసభకు వెళ్తారు. (15 అనేది నేను పెట్టుకున్న గీత, ఇంకొకరు 12 అనొచ్చు.) అలాంటి చోట అసలు ఎన్నిక జూన్‌లోనే అయిపోతుంది. నవంబరు వచ్చేసరికి మిగిలేది లాంఛనం. అక్కడ కూడా "ఎవరు గెలుస్తారు" అని చూసి ఓటేస్తే, ఎవరు బాగా పనిచేస్తారు అని అడగగలిగిన ఒక్క అవకాశాన్నీ వదులుకున్నట్టే.

గట్టి పోటీ ఉన్న నియోజకవర్గాల సంగతి వేరు. 2023 నవంబరు తర్వాత దిగువ సభ 51–49, సెనేట్ 21–19గా తేలాయి. అప్పుడు ఒకటి రెండు సీట్లు అటూ ఇటూ అయితే రాష్ట్ర విధానమే మారిపోయే స్థితి. అలాంటి సీట్లో గెలుపు గురించి ఆలోచించాల్సిందే, కానీ ఆధారంతో ఆలోచించాలి. ఆ అభ్యర్థి ఇంతకుముందు ఏదైనా పోటీ చేసి ఉంటే, అదే పోలింగ్ కేంద్రాల్లో అదే రోజు వాళ్ళ పార్టీ గవర్నర్ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయి, ఈయనకు ఎన్ని వచ్చాయి అని పక్కపక్కన పెట్టి చూడండి. పార్టీ కన్నా ఎక్కువ తెచ్చుకున్నవాళ్ళకు సొంత బలం ఉన్నట్టు. తక్కువ తెచ్చుకున్నవాళ్ళ గురించి ఎంత బాగా మాట్లాడతారని చెప్పినా నేను నమ్మను.

సిట్టింగ్ సభ్యుల విషయంలో అభిప్రాయం ఏర్పరచుకోవడానికి అందరికన్నా మంచి సాక్ష్యం ఓటింగ్ రికార్డు. అది చదవడంలోనే ఎక్కువమంది పొరబడతారు. సభలో తుది ఓటు ఒక్కటే చూసి "అన్నిటికీ అనుకూలంగానే వేశాడు" అనుకుంటారు. వర్జీనియాలో బిల్లులు చనిపోయేది సభలో కాదు. సరి సంవత్సరాల్లో 60 రోజులు, బేసి సంవత్సరాల్లో 30 రోజులు, సాధారణంగా పొడిగించి 46 రోజులు మాత్రమే సమావేశాలు. అంత తక్కువ సమయంలో బిల్లుల తలరాత తేలేది సబ్‌కమిటీల్లో, కమిటీల్లో. పొద్దున్నే ఏడు, ఎనిమిది గంటలకు జరిగే మీటింగుల్లో.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 2020లో దాడి తరహా తుపాకుల అమ్మకాన్ని నిషేధించే బిల్లు హెచ్‌బీ 961 దిగువ సభలో గెలిచి సెనేట్‌కి వచ్చింది. ఫిబ్రవరి 17న సెనేట్ జ్యుడీషియరీ కమిటీ దాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేసింది. ఓట్లు 10–5. రిపబ్లికన్లతో పాటు నలుగురు డెమొక్రాట్లు వాయిదాకు ఓటేశారు: జాన్ ఎడ్వర్డ్స్, క్రే డీడ్స్, చాప్ పీటర్సన్, స్కాట్ సురొవెల్. వాయిదా అంటే ఆ ఏడాదికి బిల్లు పోయినట్టే. సెనేట్ సభలో దాని మీద ఓటింగే జరగలేదు కాబట్టి, తుది ఓట్ల జాబితా మాత్రమే చూసినవాళ్ళకు ఈ సంగతి తెలిసే దారి లేదు.

ఆ ఓటు మంచిదా చెడ్డదా అన్నది ఎవరి అభిప్రాయం వాళ్ళది. 2023 ప్రైమరీలో పీటర్సన్‌ను సద్దాం సలీం ఓడించినప్పుడు ఆ ఓటు కూడా చర్చలోకొచ్చింది. డీడ్స్ తన ప్రైమరీలో శాలీ హడ్సన్ మీద స్వల్ప తేడాతో బయటపడ్డారు. సురొవెల్ 2024లో సెనేట్ మెజారిటీ నాయకుడయ్యారు. ఒకే ఓటు వేసిన ముగ్గురికి మూడు రకాల ఫలితం వచ్చిందంటే, రికార్డులో ఒక్క గీతను మాత్రమే పట్టుకుని మనిషిని తూచలేమన్నమాట. పది పన్నెండు ఓట్లు చూడాలి, వాటిలో ఒక తీరు కనిపించాలి.

శాసనసభ సమాచార వ్యవస్థ సైట్‌లో సభ్యుల పేరు నొక్కితే వాళ్ళు పెట్టిన బిల్లుల జాబితా వస్తుంది. ఒక్కో బిల్లు చరిత్రలో చివరి వాక్యం చదవాలి. "నిరవధికంగా పక్కన పెట్టారు", "బల్ల మీద ఉంచారు", "వచ్చే సంవత్సరానికి కొనసాగించారు" అనే అర్థం వచ్చే మాటలుంటే మూడింటి భావం ఒకటే, బిల్లు ముందుకు కదల్లేదని. పక్కనే ఉండే ఓట్ల అంకెల మీద నొక్కితే పేర్లు వస్తాయి. అభ్యర్థి కరపత్రంలో "ఫలానా బిల్లు ప్రవేశపెట్టాను" అని రాస్తే, ప్రవేశపెట్టడం వేరు, నెగ్గించడం వేరు. ఎన్ని పెట్టారు, ఎన్నిటి మీద గవర్నర్ సంతకమైంది అని లెక్కపెట్టడానికి అరగంట చాలు. కొత్తవాళ్ళైతే స్కూల్ బోర్డులోనో కౌంటీ బోర్డులోనో ఉండి ఉంటే ఆ మీటింగుల వీడియోలు, మినిట్స్ ఉంటాయి. 2023లో సెనేటర్ జార్జ్ బార్కర్‌ను ఓడించిన స్టెల్లా పెకార్స్కీ ఫెయిర్‌ఫాక్స్ స్కూల్ బోర్డు నుంచి వచ్చినవారే. అక్కడా ఇక్కడా ఏమీ లేనివాళ్ళను ప్రశ్నలతోనే తూచాలి.

2023లో ఇంతమంది సిట్టింగులు ఒక్కసారిగా ఓడిపోవడానికి ఓటర్ల కోపం ఒక్కటే కారణం కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. 2021 డిసెంబరులో వర్జీనియా సుప్రీంకోర్టు ఆమోదించిన కొత్త సరిహద్దులు ఇద్దరు నిపుణులు గీసినవి, ఎవరి సీటు ఎక్కడుందో పట్టించుకోకుండా గీశారు. బార్కర్‌కు తన పాత నియోజకవర్గంలో చాలా కొద్ది భాగమే మిగిలింది. నార్ఫోక్ వైపు లూయీస్ లూకస్, లయనెల్ స్ప్రుయిల్ అనే ఇద్దరు సీనియర్ సెనేటర్లు ఒకే సీటులో తలపడాల్సి వచ్చింది, లూకస్ గెలిచారు. సరిహద్దు మారినప్పుడు "ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నారు" అన్న మాటకు కొత్తగా చేరిన ఓటర్ల దగ్గర విలువ ఉండదు.

డబ్బు సంగతి. వర్జీనియాలో రాష్ట్ర స్థాయి అభ్యర్థులకు ఇచ్చే విరాళాలకు పరిమితి లేదు. ఒక మనిషి, ఒక కంపెనీ ఎంతైనా ఇవ్వొచ్చు, బయటపెట్టాలి అంతే. 100 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ళ పేరు, వృత్తి నివేదికలో ఉంటాయి. ప్రైమరీకి ఎనిమిది రోజుల ముందు ఒక నివేదిక వస్తుంది, అది తప్పకుండా చూడాలి. ఎంత వచ్చిందన్నది కాదు, ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యం. ఇక్కడ ఏళ్ళ తరబడి రెండు పెద్ద చేతులున్నాయి. ఒకటి కరెంటు కంపెనీ డొమినియన్ ఎనర్జీ. రెండోది ఆ కంపెనీ డబ్బు తీసుకోనన్న అభ్యర్థులకే మద్దతిచ్చే క్లీన్ వర్జీనియా అనే సంస్థ. ఎటు తీసుకున్నా నేరం కాదు. కాని లౌడన్ కౌంటీలోని యాష్‌బర్న్ చుట్టూ ఎటు చూసినా డేటా సెంటర్లే, వాటి కరెంటు ఖర్చు ఇంటి బిల్లుల మీద ఎంత పడాలన్న చట్టాలు రాసేది ఈ సభే. అందుకే ఆ పేజీ చదవకుండా అభ్యర్థి మీద అభిప్రాయం పూర్తయిందని అనుకోలేం.

ప్రశ్నల దగ్గర మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది, ఇది నన్ను బాగా బాధపెడుతుంది. డెలిగేట్ అభ్యర్థి ఇంటి మీటింగుకు వస్తే మొదటి ప్రశ్న హెచ్-1బీ, రెండోది గ్రీన్ కార్డ్ బ్యాక్‌లాగ్. రెండూ కాంగ్రెస్ పని. రిచ్‌మండ్‌లో కూర్చునే డెలిగేట్ చేతిలో ఏమీ లేదు. ఆయన తలూపి, సానుభూతిగా రెండు మాటలు చెప్పి వెళ్ళిపోతారు, మన గంట అయిపోతుంది. ఆయన చేతిలో నిజంగా ఉన్నవి అడగాలి. కారు పన్ను రేటు కౌంటీ పెడుతుంది గానీ అసలు ఆ పన్ను ఉండాలా, రాష్ట్రం ఎంత రిలీఫ్ ఇవ్వాలి అన్నది శాసనసభ చేతిలో ఉంది. డేటా సెంటర్లకు సేల్స్ టాక్స్ మినహాయింపు వాళ్ళ చేతిలో ఉంది. రాష్ట్ర యూనివర్సిటీలకు ఎంత నిధులివ్వాలో వాళ్ళే తేలుస్తారు. అందరూ మరిచిపోయేది ఇంకొకటి: వర్జీనియాలో జడ్జిలను ఎన్నుకునేది శాసనసభే. అమెరికాలో ఈ పద్ధతి ఉన్నవి రెండే రాష్ట్రాలు, ఇదొకటి, సౌత్ కరొలైనా ఒకటి. డొమినియన్ కరెంటు రేట్లు, డల్లెస్ గ్రీన్‌వే అనే రోడ్డు టోల్ తేల్చే స్టేట్ కార్పొరేషన్ కమిషన్‌లోని ముగ్గురు సభ్యులనూ ఈ సభే ఎన్నుకుంటుంది. రోజూ లీస్‌బర్గ్ వైపు నుంచి గ్రీన్‌వే మీద ఆఫీసుకెళ్ళేవాళ్ళకు ఇంతకన్నా దగ్గరి ప్రశ్న ఏముంటుంది? "కమిషన్ సభ్యులను ఎన్నుకునేటప్పుడు మీరు ఏం చూస్తారు?" అని అడగండి. తడబడకుండా జవాబిచ్చినవాళ్ళు సభ పని తెలిసినవాళ్ళు.

"మా ఇంటికి ఏ అభ్యర్థీ రాడు, మనల్ని ఎవరూ పట్టించుకోరు" అన్న ఫిర్యాదు తరచూ వింటాం. దీని వెనక కులం, రంగు, వివక్ష అన్నీ వెతుకుతారు. చాలావరకు కారణం ఒక జాబితా. నువ్వు ఎవరికి వేశావన్నది రహస్యమే, కానీ ఏ ఎన్నికలో ఓటేశావు, ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలెట్ అడిగావు అన్నది రికార్డులో ఉంటుంది, అభ్యర్థులకు ఆ జాబితా దొరుకుతుంది. చేతిలో ముప్పై మంది వాలంటీర్లు, ఆరు వారాలు మాత్రమే ఉన్న ప్రచారం ప్రతి తలుపూ తట్టలేదు. గత మూడు ప్రైమరీల్లో కనీసం రెండింటికి వచ్చినవాళ్ళు ఎవరు అని జాబితాను కోస్తారు. ఆ కోతలో నవంబరు ఓటర్లు రాలిపోతారు. వాలంటీర్ ఫోన్‌లో యాప్ తెరిస్తే వీధిలో 4, 9, 15 నంబర్ల ఇళ్ళే కనిపిస్తాయి, మధ్యలో ఉన్న మీ 11 కనిపించదు. తలుపు తీసినవాళ్ళను ఒకటి నుంచి ఐదు దాకా అంకెతో గుర్తిస్తారు. ఒకటంటే గట్టి మద్దతు, ఐదంటే గట్టి వ్యతిరేకత, మూడంటే ఇంకా తేల్చుకోనివాళ్ళు. చివరి రెండు వారాలు తిరిగేదంతా మూడు దగ్గరికే. శాసనసభ ప్రైమరీల్లో నమ్మదగ్గ ఒపీనియన్ పోల్స్ దాదాపు ఉండవు, ఎవరు ఓటుకొస్తారో ముందే చెప్పడం కష్టం కాబట్టి. ఓటర్ల అభిప్రాయం అని ప్రచారాలు నిజంగా నమ్మేది ఈ అంకెలనే. ఒక్క జూన్‌లో ఓటేసినా ఇంటి నంబరు ఆ జాబితాకు దగ్గరవుతుంది. రెండు జూన్‌లు వేస్తే అందులో ఉంటుంది.

వెళ్ళడం పెద్ద కష్టమేమీ కాదు. వర్జీనియాలో పార్టీ పేరుతో రిజిస్ట్రేషన్ లేదు. పోలింగ్ కేంద్రంలో అడుగుతారు, ఏ పార్టీ బ్యాలెట్ కావాలని. ఒకటే తీసుకోవాలి. జూన్‌లో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకున్నా నవంబరులో ఎవరికైనా వేయొచ్చు. రిజిస్ట్రేషన్‌కు ప్రైమరీకి ముందే ఒక గడువు ఉంటుంది. అది దాటినా అదే రోజు రిజిస్టర్ చేసుకుని ప్రొవిజనల్ బ్యాలెట్ వేసే వీలుంది, తర్వాత పరిశీలించి లెక్కిస్తారు. ఎర్లీ ఓటింగ్ 45 రోజుల ముందే మొదలై, ప్రైమరీకి ముందు శనివారం ముగుస్తుంది. జూన్ మధ్య అంటే స్కూళ్ళు మూసి ఇండియా ప్రయాణాలు కట్టే సమయం, మనవాళ్ళ ఓట్లు ఎక్కువగా పోయేది అక్కడే. మే నెలలోనే వేసి విమానం ఎక్కండి. పోలింగ్ రోజు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా. ద్వారానికి 40 అడుగుల లోపల ఎవరూ ప్రచారం చేయకూడదు, ఆ గీత బయట నిలబడి కాగితాలిచ్చేవాళ్ళు అభ్యర్థుల మనుషులని గుర్తుంచుకోండి.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకు ఓటు లేదు, కానీ విరాళం ఇవ్వొచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, ఈ నిషేధం రాష్ట్ర ఎన్నికలకూ వర్తిస్తుంది. స్నేహితుడి పేరు మీద ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా తలుపులు తట్టడానికి మాత్రం వీసా అడ్డు కాదు.

చివరగా, జూన్ వరకు ఆగని ప్రైమరీలు. సీటు మధ్యలో ఖాళీ అయితే పార్టీలు హడావుడిగా ఫైర్‌హౌస్ ప్రైమరీ పెడతాయి. 2024 నవంబరులో సుహాస్ సుబ్రమణ్యం కాంగ్రెస్‌కు గెలవగానే లౌడన్‌లో 32వ సెనేట్ సీటు ఖాళీ అయింది. దానికి డెలిగేట్‌గా ఉన్న కన్నన్ శ్రీనివాసన్ పోటీ చేయడంతో ఆయన 26వ నియోజకవర్గమూ ఖాళీ అయింది. రెండింటికీ పార్టీ అభ్యర్థులు నవంబరులోనే తేలిపోయారు, 2025 జనవరి 7న రెండు ప్రత్యేక ఎన్నికలూ జరిగాయి. ఫైర్‌హౌస్ ప్రైమరీని నడిపేది పార్టీ, ప్రభుత్వం కాదు. ఒకే రోజు, కొన్ని గంటలు, కౌంటీ మొత్తానికి కొద్ది చోట్ల. మీ మామూలు పోలింగ్ కేంద్రంలో ఉండదు. నోటీసు పది రోజులు కూడా ఉండకపోవచ్చు. పోస్టులో ఏ కార్డూ రాదు, కౌంటీ పార్టీ కమిటీ మెయిల్ జాబితాలో పేరున్నవాళ్ళకే ముందు తెలుస్తుంది. ఆ జాబితాలో చేరడానికి కమిటీ సభ్యత్వం అక్కర్లేదు, వాళ్ళ సైట్‌లో మెయిల్ చిరునామా ఇస్తే చాలు. రెండు పార్టీల జాబితాల్లోనూ చేరొచ్చు.